తలలోని గడ్డకు పేరు పెట్టేదెవరు?



గత వానకాలములో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఒక తండ్రి పెద్ద కవరు చంకలో పెట్టుకొని మా దగ్గరకు వచ్చాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పని చేసి, 2015లో అది మూతబడిన తరువాత మా వర్ని దగ్గర కౌలుకు వరి వేసుకొని బ్రతుకుతున్న మనిషి. కవరులోనుండి నల్లని ఫిల్ము తీసి కిటికీ వెలుతురుకు పట్టుకొని, "అయ్యగారూ, మా పిలగాని తలకాయల గడ్డ ఉన్నదట. ఇగ వాడు దక్కడంటున్నరు" అని ఏడ్చాడు.

ఎవరన్నారని అడిగితే "అందరంటున్నరు" అన్నాడు. డాక్టరుగారు ఏమన్నారని మళ్లీ అడిగాము. "చిన్న మచ్చ కనబడుతున్నది, పెద్ద డాక్టరుకు చూపించుమన్నరు" అన్నాడు. చూడండి! డాక్టరు నోట మచ్చ అన్న మాట ఇల్లు చేరేసరికి గడ్డ అయింది. వీధి మొగదలకు వచ్చేసరికి క్యాన్సరు అయింది. ఊరు దాటేసరికి ఎవరో చేయించిన చేతబడి అయింది. పిల్లవాడు మాత్రము మందిరము మెట్ల మీద కూర్చుని ఏమీ ఎరుగనట్లు స్నేహితులతో మాట్లాడుతున్నాడు.

అతనికి పందొమ్మిదేండ్లు. పొలములో మోటరు వేయడానికి వెళ్లి గట్టు మీద పడి కాళ్లుచేతులు కొట్టుకున్నాడు. నోట నురుగు వచ్చింది. చూసినవారు చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టారు, ఉల్లిగడ్డ కోసి వాసన చూపించారు. ఈ మాట వచ్చింది గనుక ఇక్కడే చెప్పెదము: ఫిట్సు వచ్చినవారిని ప్రక్కకు ఒత్తిగిల జేసి పడుకోబెట్టాలి, చుట్టూ ఉన్న రాళ్లురప్పలు తీసివేయాలి, నోటిలో ఏమీ పెట్టకూడదు. ఐదు నిమిషములు దాటినా ఆగకపోతే ఆలస్యము చేయకుండా ఆసుపత్రికి తీసికొని పోవాలి. ఇనుము పట్టుకుంటే ఫిట్సు ఆగదు. దానంతట అది ఆగే సమయానికి ఇనుము చేతిలో ఉంటుంది, అంతే.

మార్కు సువార్త తొమ్మిదవ అధ్యాయములోని చిన్నవాని సంగతి చూపించి, మూర్ఛ అంటే దయ్యమేనని వాదించే పెద్దలు మన సంఘములలోనూ ఉన్నారు. వారితో మేము పోట్లాడము. కాని మత్తయి సువార్త నాలుగవ అధ్యాయము చివర, ప్రభువు దగ్గరకు తీసికొని వచ్చిన రోగుల పట్టీ ఒకటి ఉన్నది. అందులో దయ్యము పట్టినవారు వేరు, చాంద్రరోగులు వేరు, పక్షవాయువు గలవారు వేరు. చాంద్రరోగులంటే ఆ కాలములో మూర్ఛరోగులకు ఉన్న పేరు. సువార్తికుడే వేరు చేసి వ్రాసిన దానిని మనమెందుకు ఒకటిగా కలపాలి?

ఇక ఆ నల్లని ఫిల్ము సంగతికి వత్తాము.

పుర్రె ఎముక మూసిన పెట్టె వంటిది. మామూలు ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది గాని లోపలి మెత్తని మెదడు కనబడదు. 1918లో అమెరికాలోని బాల్టిమోరులో వాల్టర్ డాండీ అనే సర్జను ఒక ఉపాయము కనిపెట్టాడు. పుర్రెకు చిల్లు వేసి, మెదడు లోపల నీరుండే గదులలోనికి గాలి పంపించి, అప్పుడు ఎక్స్‌రే తీశాడు. గాలి నిండిన గదులు ఎటు ఒత్తబడి వంకర పోయాయో చూసి, గడ్డ ఫలానా చోట ఉన్నదని ఊహించేవారు. తరువాత వెన్నెముకగుండా గాలి ఎక్కించే పద్ధతి కూడ వచ్చింది. రోగి తలనొప్పితో, వాంతులతో విలవిలలాడేవాడు. అంత బాధపడినా ఎక్కడ ఉన్నదో కొంత తెలిసేది గాని, ఏ రకము గడ్డ అన్నది పుర్రె తెరిచిన తరువాతనే తేలేది.

అటువంటి రోజులలోనే మన దేశములో మెదడు ఆపరేషన్లకు ప్రత్యేకమైన విభాగము మొదటిసారి ఏర్పడింది. అది ఢిల్లీలో కాదు, బొంబాయిలో కాదు. మిషనరీ తల్లి ఐడా స్కడ్డర్ స్థాపించిన రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో, 1949లో ఏర్పడింది. ప్రారంభించినవారు డాక్టర్ జేకబ్ చాందీ. కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే పేరుపొందిన వైద్యుని దగ్గర శిక్షణ పొంది, ఈ దేశానికి తిరిగి వచ్చి మిషను ఆసుపత్రిలో చేరిన మనిషి. 1964లో ప్రభుత్వము వారికి పద్మభూషణ్ ఇచ్చింది. మన పెద్దలలో చాలామంది జబ్బు ముదిరితే రైలెక్కి కాట్పాడిలో దిగినవారే గనుక రాయవేలూరు పేరు ఈ పాఠకులకు క్రొత్త కాదు.

పుర్రె తెరవకుండా లోపల చూసే మార్గము 1971లో వచ్చింది. గ్రామఫోను దగ్గర కుక్క కూర్చున్న బొమ్మ గల రికార్డులు మీకు గుర్తున్నవా? ఆ రికార్డులు అమ్మిన ఇ.ఎం.ఐ. కంపెనీలో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు ఉండేవాడు. ఎక్స్‌రేను తల చుట్టూ తిప్పి, వచ్చిన లెక్కలను కంప్యూటరుకు అప్పగించి, రొట్టెను ముక్కలు కోసినట్లు తలను పొరలు పొరలుగా చూపించే యంత్రము చేశాడు. అదే సి.టి. స్కాన్. 1971 అక్టోబరు 1వ తేదీన లండన్ వింబుల్డన్‌లోని ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో, మెదడులో గడ్డ ఉన్నదని అనుమానించిన ఒక స్త్రీకి మొదట తీశారు. గడ్డ కనబడింది. ఆపరేషను చేసిన సర్జను, బొమ్మలో ఉన్నట్లే లోపల కూడ ఉన్నదని చెప్పాడట. హౌన్స్‌ఫీల్డ్‌కు 1979లో అలన్ కార్మాక్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఎం.ఆర్.ఐ.లో ఎక్స్‌రే లేదు. పెద్ద అయస్కాంతపు గొట్టములోనికి మనిషిని పంపుతారు. 1.5 టెస్లా అనే మామూలు యంత్రములోని అయస్కాంత శక్తి భూమి అయస్కాంత శక్తికంటె సుమారు 30,000 రెట్లు ఎక్కువ. మన శరీరములో ఎక్కువ భాగము నీరే గదా, ఆ నీటిలోని హైడ్రోజన్ కణములు రేడియో తరంగములకు బదులు పలుకుతాయి. మంచి కండ ఒక విధముగా పలికితే గడ్డలోని కండ వేరొక విధముగా పలుకుతుంది. ఈ తేడాను 1971లో ఎలుకల గడ్డలలో చూపించినవాడు రేమండ్ డమాడియన్. దానిని బొమ్మగా మార్చిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ ఇచ్చి డమాడియన్‌ను విడిచిపెట్టారు. ఆయన ఊరకుండక వార్తాపత్రికలలో పూర్తి పేజీ ప్రకటనలు వేయించాడు. ఆయన విశ్వాసియే. విశ్వాసికి కోపము రాదని ఎవరన్నారు!

ఈ సాధనములతో రాయవేలూరులో జరిగిన ఒక పని ఆ పందొమ్మిదేండ్ల పిల్లవాని ఫిల్ముకు నేరుగా సంబంధించినది. సి.టి. మన దేశానికి వచ్చిన తరువాత ఒక విచిత్రము బయటపడింది. ఫిట్సుతో వచ్చిన యౌవనస్థుల మెదడులో గుండ్రని చిన్న మచ్చ ఒకటే కనబడేది. చుట్టూ వాపు ఉండేది. పాశ్చాత్య పుస్తకములలో ఇది అంతగా లేదు. మన దేశములో క్షయ ఎక్కువ గనుక చాలామంది వైద్యులు దీనిని మెదడు క్షయ గడ్డగా ఎంచి నెలల తరబడి టి.బి. మందులు ఇచ్చేవారు. ట్యూమరేమోనని కొందరికి పుర్రె తెరిచేవారు కూడ. రాయవేలూరు వైద్యులు మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్, వారి తోటివారు ఆ మచ్చలను తీసి సూక్ష్మదర్శిని క్రింద చూశారు. అది ట్యూమరు కాదు, క్షయ కాదు, చచ్చిపోతున్న పురుగు పిల్ల! 1989లో ఈ సంగతి లాన్సెట్ పత్రికలో ప్రచురించారు.

అంతటితో ఆగితే ప్రతివానికీ తల తెరిచి చూడవలసి వచ్చేది. వారు 1993లో తెరవకుండానే పోల్చుకొనే గుర్తులు ప్రకటించారు. ఫిట్సు ఉండాలి గాని తలలో ఒత్తిడి పెరిగిన లక్షణములు ఉండకూడదు. చేయి గాని కాలు గాని రోజురోజుకు పడిపోతూ ఉండకూడదు. శరీరములో క్షయ వంటి మరొక జబ్బు నడుస్తూ ఉండకూడదు. ఫిల్ములో మచ్చ ఒకటే ఉండాలి, రంగు మందు ఎక్కించినప్పుడు వెలగాలి, 20 మిల్లీమీటర్లు దాటకూడదు, మెదడు మధ్యగీతను ఒక ప్రక్కకు నెట్టకూడదు. క్షయ గడ్డ సాధారణముగా అంతకంటె పెద్దది, అంచులు వంకరటింకర, మధ్యగీతను నెట్టేది. ఈ గుర్తులన్నీ కుదిరితే కత్తి వద్దు, టి.బి. మందులు వద్దు. ఫిట్సు మందు ఇచ్చి, కొన్ని నెలలకు మళ్లీ ఫిల్ము తీసి, మచ్చ కరిగిందో లేదో చూడాలి. ఒక మిల్లీమీటర్ల కొలబద్ద ఎంతమంది తలలు తెరవకుండా కాపాడిందో తలంచితే మాకు ఆశ్చర్యముగా ఉంటుంది.

ఈ పురుగు ఎక్కడిదని ఆ తండ్రి అడిగాడు. ఇది పంది మాంసములో ఉండే బద్దెపురుగు జాతి. సరిగ్గా ఉడకని పంది మాంసము తిన్నవాని కడుపులో పెద్ద పురుగు పెరుగుతుంది. వాని మలముతో గ్రుడ్లు బయటకు వస్తాయి. బహిర్భూమికి పొలము గట్లకు పోతే ఆ గ్రుడ్లు నీటిలోనికి, కొత్తిమీర మీదికి, చేతిగోళ్లలోనికి చేరుతాయి. ఆ గ్రుడ్లు మింగినవాని మెదడులో పిల్ల పురుగు గూడు కడుతుంది. కాబట్టి జన్మలో పంది మాంసము ముట్టని శాకాహారికి కూడ ఇది రావచ్చును. మా సంఘములో పంది మాంసము తినేవారున్నారు, వారిని మేము తప్పుపట్టము. బాగుగా ఉడికించండి. మరుగుదొడ్డి వాడండి. పచ్చికూర కడిగి తినండి. అయితే పురుగుల మందు బిళ్లలు స్వంతముగా కొని మింగవద్దు. మెదడులో పురుగు ఒక్కసారిగా చస్తే వాపు పెరుగుతుంది. ఎప్పుడు ఇవ్వాలో, దానితో ఏమి కలిపి ఇవ్వాలో వైద్యుడే చూడాలి.

అన్ని మచ్చలూ పురుగులైతే ఎంత బాగుండును! నిజమైన ట్యూమర్లూ ఉన్నాయి. వాటిలోనూ రకములున్నాయి, ఆ రకమును బట్టి మనిషి భవిష్యత్తు మారిపోతుంది. మెదడు మీది పొరనుండి పుట్టే మెనింజియోమా ఎక్కువగా క్యాన్సరు కాదు. స్త్రీలలో ఎక్కువ. అది పొరను అంటిపెట్టుకొని, రంగు మందుకు అంతటా సమముగా వెలిగి, అంచున చిన్న తోకవలె సాగి కనబడుతుంది. చెవి నరము మీద పెరిగేది చెవి సొరంగములోనికి దూరి ఉంటుంది. ఒక చెవి మాత్రమే మెల్లగా వినబడకుండా పోతే దానిని అనుమానిస్తారు. కళ్ల వెనుక పిట్యుటరీ గ్రంథిలో పెరిగేది రెండు ప్రక్కల చూపును తినివేస్తుంది. మనిషి ఎదురుగా చూస్తాడు గాని ప్రక్కన వచ్చే ఎడ్లబండిని చూడడు. మెదడు లోపలినుండే పుట్టేవి గ్లయోమాలు. వాటిలో క్రూరమైనది గ్లయోబ్లాస్టోమా. దాని అంచు మందముగా, గరుకుగా వెలుగుతుంది, నడుమ కుళ్లి నల్లగా ఉంటుంది, చుట్టూ వాపు వ్యాపించి ఉంటుంది. చీము గడ్డ కూడ ఉంగరమువలెనే కనబడి భయపెడుతుంది. కాని నీటి కదలికను కొలిచే ఎం.ఆర్.ఐ. పద్ధతి ఒకటి ఉన్నది, అందులో చీము తళతళ మెరుస్తుంది. స్పెక్ట్రోస్కోపీ అని ఇంకొకటి ఉన్నది. అది బొమ్మ తీయదు, గడ్డలో ఏ రసాయనము ఎంత ఉన్నదో గీతలు గీసి చూపుతుంది. కణములు వేగముగా పెరిగే ట్యూమరులో కోలిన్ గీత లేస్తుంది, మంచి నరకణములకు గుర్తైన గీత పడిపోతుంది. క్షయ గడ్డలో కొవ్వు గీత పొడుగ్గా నిలుస్తుంది.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకొనవలసి ఉన్నది. ఇదివరకు మేము పని చేసిన సంఘములో ఒక సహోదరి ఉండేది. తెల్లవారుజామున తలనొప్పితో లేచేది, వాంతి చేసుకొనేది, పొద్దెక్కేసరికి కొంచెము తగ్గి నాట్లకు పోయేది. మేము వెళ్లి ప్రార్థించాము, నూనె రాశాము, స్త్రీల సమాజమువారు ఉపవాసముండిరి. ఆరెంపీ డాక్టరు ఇంజక్షను వేస్తే వారము రోజులు హాయిగా ఉండేది. ప్రార్థన విన్నాడని మేము ఆదివారము సాక్ష్యము కూడ చెప్పించాము. వాపు తగ్గించే డెక్సా వంటి ఇంజక్షను ట్యూమరు చుట్టూ ఉన్న వాపును కొన్నాళ్లు అణచివేస్తుందని, అందువలన నొప్పి తగ్గుతుందే గాని గడ్డ అట్లే ఉంటుందని అప్పటికి మాకు తెలియదు. మా పెద్ద డాక్టరుకు చూపించమ్మా అని ఒక్క మాట అనలేదు. అంటే మా ప్రార్థనకు విలువ తగ్గునేమోనని లోలోపల ఒక జంకు ఉండెనని నేడు అనిపిస్తున్నది. చూపు మసకబారి అన్నము గిన్నె తడుముకొనే స్థితికి వచ్చిన తరువాత స్కాన్ తీశారు. మెనింజియోమా. మంచి రకము. హైదరాబాదులో ఆపరేషను చేసి పూర్తిగా తీశారు, ఆమె బ్రతికింది. ఒక కన్ను రాలేదు. ఒత్తిడికి కంటినరము అప్పటికే ఎండిపోయినది. ఆరు నెలలు ముందు ఫిల్ము తీసి ఉంటే ఆ కన్ను దక్కియుండేది. ఆమె మమ్మును ఒక్కమాట అనలేదు. క్రిస్మసుకు ఇప్పటికీ సకినాలు పంపుతుంది. తింటుంటే గొంతు దిగవు.

తలనొప్పి వచ్చిన ప్రతివారు స్కానుకు పరుగెత్తాలని మా భావము కాదు. నూటికి తొంబదికి పైగా తలనొప్పులు ట్యూమరువి కానే కావు. కాని పెద్ద వయస్సులో క్రొత్తగా ఫిట్సు వచ్చినా, తెల్లవారుజాము నొప్పికి వాంతి తోడైనా, వస్తువు రెండుగా కనబడినా, ఒక ప్రక్క చేయి బలము తగ్గుతూ పోయినా, శాంతముగా ఉండే మనిషి తీరు మారిపోయినా వైద్యునికి చూపించే ముందు మాకు చెప్పనక్కరలేదు. చూపించి వచ్చి చెప్పండి, ప్రార్థిస్తాము.

బొమ్మ అన్నీ చెప్పగలదా అంటే చెప్పలేదు. మన వరి మడిలో ఊదను చూడండి. లేతగా ఉన్నప్పుడు వరికీ ఊదకూ తేడా అనుభవము గల కూలి తల్లికే తెలుస్తుంది, ఆమె కూడ ఒక్కొక్కసారి వెన్ను తీసేవరకు ఆగాలి. గురుగుల ఉపమానము చెప్పిన ప్రభువుకు పొలము సంగతి బాగుగా తెలుసు. అట్లే కొన్ని గ్లయోమాలు బొమ్మలో ఒక దానివలె ఒకటి ఉంటాయి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ట్యూమర్ల పేర్ల పట్టికను సవరించినప్పుడు, అనేక రకములకు లోపలి జన్యువులో వచ్చిన మార్పు చూసిన తరువాతనే పేరు పెట్టాలని నిర్ణయించింది. దానికి చిన్న ముక్క తీయాలి, అదే బయాప్సీ. బయాప్సీ చేస్తే జబ్బు ఒళ్లంతా పాకుతుందని ఊళ్లలో ఒక మాట ఉన్నది. ఆ భయముతో మానుకొని నష్టపోయినవారిని మేము ఎరుగుదుము. సూదితో తీసేదానిలో రక్తము కారే అపాయము కొంత ఉన్నది, అది వైద్యుని అడిగి తెలుసుకొనవలెను. ఎప్పుడు బొమ్మ చాలునో, ఎప్పుడు ముక్క కావాలో తేల్చేది వైద్యుడే. పాస్టరు కాదు, పాలివాళ్లు కాదు, సెల్‌ఫోనులో ఫిల్ము ఫొటో చూసి తీర్పు చెప్పే మేనమామ అసలే కాదు.

ఎం.ఆర్.ఐ.కి పోయేటప్పుడు తల్లులు మంగళసూత్రము, మెట్టెలు, పిన్నీసులు తీసి ఇంట్లో పెట్టి పోవాలి. గుండెలో పేస్‌మేకరు ఉన్నా, ఒంట్లో ఇనుప ముక్కలున్నా ముందే చెప్పాలి. గర్భవతులు సి.టి.కి ముందు తప్పక చెప్పాలి. మూత్రపిండముల జబ్బు ఉన్నవారు రంగు మందు ఎక్కించక ముందే చెప్పాలి. గొట్టములో అరగంట, ముప్పావుగంట కదలక పడుకోవాలి. పెద్ద చప్పుడు వస్తుంది, భయపడవద్దు. పాత ఫిల్ములు పారవేయవద్దు. క్రొత్తదానిని పాతదానితో పోల్చితేనే పెరిగిందా తరిగిందా తెలిసేది. ఖర్చు సంగతికి వస్తే, 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీలో మెదడు ఆపరేషన్లు ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబానికి 10 లక్షల రూపాయల వరకు పెంచారు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడిగితే ఏమేమి కాగితములు కావాలో చెబుతారు. పొలము అమ్మకానికి పెట్టకముందు ఆ ఒక్క మనిషిని కలవండి.

మా పిల్లవాని మాట చెప్పలేదు గదా. హైదరాబాదుకు తీసికొని పోయారు, మేమూ వెంట వెళ్లాము. వైద్యుడు ఫిల్మును దీపము పెట్టె మీద పెట్టి, కొలత చూసి, పన్నెండు మిల్లీమీటర్లు అన్నాడు. పిల్లవానిని నడిపించి చూశాడు, కళ్లలో దీపము వేసి చూశాడు, దగ్గు, జ్వరము సంగతులు అడిగాడు. ఇది ట్యూమరు కాదనుకుంటాను, మందులు వాడండి, కొన్ని నెలలకు మళ్లీ తీద్దాము అన్నాడు. తండ్రి నమ్మలేదు. బస్సులో బోధన్ దాకా "గంత దూరం పోతే కోయకుంట పంపిండేంది అయ్యగారూ" అని అడుగుతూనే ఉన్నాడు. కోయకపోవడమే వైద్యమని చెప్పి చెప్పి మా నోరు నొచ్చింది.

మొన్న యాసంగి నాట్లప్పుడు రెండవ ఫిల్ము తీయించారు. ఆ ఆదివారము తండ్రి మళ్లీ కవరు చంకలో పెట్టుకొని వచ్చి, రెండు ఫిల్ములను మందిరము కిటికీకి ప్రక్కప్రక్కన ఆనించి పట్టుకున్నాడు. మొదటిదానిలో ఉంగరము ఉన్న చోట రెండవదానిలో ఆవగింజంత తెల్ల చుక్క మిగిలింది. సంఘపు పెద్దలు ఒకరి తరువాత ఒకరు కళ్లద్దాలు సవరించుకొని చూశారు. పిల్లవాడు ఫిట్సు మందు ఇంకా వేసుకుంటున్నాడు. డాక్టరు ఆపుమనేవరకు ఒక్క పూట మానవద్దని, బావి దగ్గరకు, మోటరు దగ్గరకు ఒంటరిగా పోవద్దని వాళ్లమ్మకు మరియొకసారి చెప్పి వచ్చాము.